క్లౌడ్‌లో మన రాతలు: తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఫోన్‌లో నోట్స్ యాప్ తెరిచి వేలితో కిందికి జరుపుకుంటూ పోతే మనిషి బతుకంతా కనిపిస్తుంది. అమ్మ షుగర్ రీడింగులు, చిట్టీ పాడుకున్న నెల, మేనమామకు ఇచ్చిన చేబదులు, గ్యాస్ కనెక్షన్ నంబరు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, గర్భం పోయిన తేదీ, ఎవరికీ పంపని ఉత్తరం, మూడేళ్లుగా చిత్తుప్రతిగానే ఉన్న రాజీనామా. ఈమెయిల్ ఎవరికో రాస్తాం. ఫేస్‌బుక్ పోస్టు నలుగురూ చూడాలని పెడతాం. నోటు మాత్రం మనకోసం మనం రాసుకుంటాం. ఎదుట మనిషి లేడు కాబట్టి మాట సర్దుకోవడం ఉండదు, దాపరికం అంతకన్నా ఉండదు.

ఆ రాత ఇప్పుడు మన ఫోన్‌లోనే ఆగిపోవడం లేదు. టైపు చేసిన కొన్ని క్షణాల్లో దాని నకలు ఏదో ఒక డేటా సెంటర్‌కు చేరుతోంది. ఫోన్ పోయినా రాత పోకూడదన్న మన కోరికే దాన్ని అక్కడికి పంపింది. ఆ కోరికలో తప్పేమీ లేదు. పన్నెండేళ్ల నుంచి నేనూ ఒక యాప్‌లో రాసుకుంటున్నాను. ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతూ వచ్చిన ప్రశ్న, ‘ఈ కంపెనీ మంచిదేనా?’ అని. ఈ వ్యవహారాన్ని మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చాక, అడగాల్సింది అది కాదనిపించింది. రాతకు తాళం వేశామని అందరూ అంటారు. తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే అసలు సంగతి.

ఎవర్‌నోట్ చరిత్ర దీనికి మంచి పాఠం. నోట్సు రాసుకునే అలవాటును క్లౌడ్‌కు ఎక్కించిన తొలితరం యాప్‌లలో అది పెద్దది, 2008లో జనంలోకి వచ్చింది. దాని అధిపతి ఫిల్ లిబిన్ 2011లో మూడు సూత్రాలు ప్రకటించాడు: మీ సమాచారం మీది, అది భద్రంగా ఉంటుంది, కావాలనుకున్నప్పుడు బయటికి తీసుకుపోవచ్చు. అప్పటి పరిశ్రమలో అంత స్పష్టంగా మాట ఇచ్చినవాళ్లు తక్కువ. 2013 మార్చిలో ఆ సంస్థ వ్యవస్థలోకి ఎవరో చొరబడ్డారు. నోట్సు జోలికి వెళ్లిన ఆనవాళ్లు లేవని చెబుతూనే దాదాపు 5 కోట్ల మంది చేత పాస్‌వర్డులు మార్పించాల్సి వచ్చింది. అది దొంగల వల్ల వచ్చిన చిక్కు. మూడేళ్ల తర్వాత వచ్చిన చిక్కు ఇంటి లోపలిది. మెషీన్ లెర్నింగ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో సరిచూడటానికి కొందరు ఉద్యోగులు వాడుకరుల నోట్సు చూడవలసి రావచ్చని, 2017 జనవరి 23 నుంచి ఈ విధానం అమల్లోకి వస్తుందని 2016 డిసెంబరులో ప్రకటించారు. జనం భగ్గుమన్నారు. కొద్ది రోజుల్లోనే అప్పటి అధిపతి క్రిస్ ఓనీల్ వెనక్కి తగ్గాడు. ఒప్పుకున్నవాళ్ల నోట్సు మాత్రమే చూస్తామన్నాడు.

గొడవ అక్కడితో సద్దుమణిగింది. కానీ నాకు అందులో ముఖ్యంగా తోచింది వేరు. ఆ డిసెంబరుకు ముందు కూడా సంస్థ తలుచుకుంటే ఆ నోట్సు చదవగలదు. వెనక్కి తగ్గిన తర్వాత కూడా చదవగలదు. మారింది మాట మాత్రమే, శక్తి కాదు. చదవబోమని మాట ఇవ్వడం వేరు, చదవలేకపోవడం వేరు. ఆ మాట ఇచ్చినవాళ్లు కూడా ఎల్లకాలం ఉండరు. 2022 నవంబరులో ఇటలీకి చెందిన బెండింగ్ స్పూన్స్ ఎవర్‌నోట్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. మరుసటి ఏడాది అమెరికా, చిలీ ఉద్యోగుల్లో అత్యధికుల్ని తొలగించి పనిని ఐరోపాకు తరలించింది. ఆ ఏడాది డిసెంబరు నుంచి ఉచిత ఖాతాకు 50 నోట్సు, ఒక్క నోట్‌బుక్ అని హద్దు పెట్టింది. వ్యాపారంలో ఇవన్నీ మామూలే. అయితే 2011లో ఆ మూడు సూత్రాలు చదివి డైరీ రాయడం మొదలుపెట్టిన మనిషి, పన్నెండేళ్ల తర్వాత తనకు పేరు కూడా తెలియని యజమానుల చేతిలో తన డైరీని చూసుకున్నాడు.

తాళం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ‘మీ డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది’ అనే ఒక్క వాక్యంలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. మొదటిది దారిలో వేసే తాళం: ఫోన్ నుంచి సర్వర్‌కు వెళ్లేటప్పుడు మధ్యలో ఎవరూ చదవకుండా. రెండోది గిడ్డంగిలో వేసే తాళం: సర్వర్‌లోని డిస్కు ఎత్తుకుపోయినా చదవడానికి వీల్లేకుండా. ఈ రెండూ ఇప్పుడు దాదాపు అన్ని పెద్ద సంస్థలూ వేస్తున్నాయి. కానీ ఈ రెండింటిలోనూ బీరువా వాళ్లది, తాళం వాళ్లది, తాళంచెవీ వాళ్లదే. మూడోది ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్. ఇందులో రాత మన ఫోన్‌లోనే గూఢలిపిగా మారి బయలుదేరుతుంది. విప్పే చెవి మన పాస్‌వర్డు నుంచి, మన పరికరంలోనే తయారవుతుంది. సర్వర్‌లో ఉన్నది అక్కడివాళ్లకు అర్థంలేని అక్షరాల కుప్ప. ఉద్యోగి చూడాలన్నా, దొంగ చొరబడినా, కోర్టు ఉత్తర్వు వచ్చినా సంస్థ ఇవ్వగలిగింది ఆ కుప్పే.

ఈ గీటురాయి మీద యాప్‌లను గీసి చూస్తే ఫలితం మన అంచనాకు భిన్నంగా వస్తుంది. గూగుల్ కీప్, నోషన్, సింపుల్‌నోట్ మూడో తాళం దాకా రావు. మైక్రోసాఫ్ట్ వన్‌నోట్‌లో ఒక విభాగానికి పాస్‌వర్డు పెట్టుకోవచ్చు. అది మరిచిపోతే ఆ సంస్థ కూడా తెరవలేదు, పాస్‌వర్డు పెట్టని మిగతా పేజీలకు మాత్రం ఆ రక్షణ లేదు. ఆపిల్ నోట్స్‌లో 2016 నుంచి విడి నోటుకు తాళం వేసుకోవచ్చు. ఇక్కడొక చిన్న జాగ్రత్త: తాళం వేసినా నోటు శీర్షిక, అంటే మొదటి వరుస, జాబితాలో కనబడుతూనే ఉంటుంది. మొదటి వరుసలోనే ఏటీఎం పిన్ రాసి తాళం వేసినవాళ్లను నేను చూశాను. ఐక్లౌడ్‌లోని నోట్సు మొత్తానికి చెవి మన చేతికి రావాలంటే 2022 డిసెంబరులో వచ్చిన అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్‌ను మనమే వెతికి ఆన్ చేసుకోవాలి. స్టాండర్డ్ నోట్స్‌లో మూడో తాళం మొదటి నుంచే ఉంటుంది. జాప్లిన్‌లో ఉంది కానీ మనం ఆన్ చేయాలి. ఆబ్సిడియన్‌లో రాత మన కంప్యూటర్‌లోనే మామూలు ఫైళ్లుగా ఉంటుంది, వాళ్ల సింక్ వాడితే మూడో తాళంతో వెళుతుంది. ఆ ఫైళ్లనే తీసుకుపోయి మామూలు డ్రైవ్‌లో పెడితే ఆ తాళం లేనట్టే.

ఇక్కడ నన్ను బాధపెట్టే విషయం ఒకటి చెప్పాలి. తాళంచెవి ఖాతాదారు చేతికే ఇచ్చే సాంకేతికత గూగుల్ దగ్గర లేక కాదు. డబ్బు కట్టే పెద్ద సంస్థలకు, కొన్ని విద్యాసంస్థలకు డాక్స్‌లో, జీమెయిల్‌లో ఆ సదుపాయం కొన్నేళ్లుగా ఇస్తోంది. కంపెనీ రహస్యానికి ఉన్న గౌరవం గృహిణి డైరీకి దక్కలేదు.

అవతలి వాదం కూడా వినాలి, అందులో బలం ఉంది. సర్వర్ చదవలేని రాతలో సర్వర్ వెతకలేదు. చేత్తో రాసిన కాగితాన్ని ఫొటో తీస్తే అందులోని అక్షరాలు గుర్తుపట్టి చూపించలేదు. నలుగురు కలిసి ఒకే నోటు దిద్దుకోవడం కష్టమవుతుంది. అన్నిటికన్నా పెద్దది మరుపు. పాస్‌వర్డూ పోయి, రికవరీ కీ కూడా పోతే రాసుకున్నదంతా పోయినట్టే, ఏ కస్టమర్ కేర్ తెచ్చివ్వలేదు. అరవై దాటిన మా పెద్దమ్మలాంటివాళ్లకు దొంగ భయం కన్నా మరుపు భయమే నిజమైనది. ఆమె మందుల జాబితాకు మూడో తాళం వేయమని నేను చెప్పను.

చెవి మన చేతిలో ఉన్నంత మాత్రాన దుకాణం తెరిచే ఉంటుందనీ లేదు. పూర్తి ఎన్‌క్రిప్షన్‌తో మెయిల్, డాక్యుమెంట్లు అందించిన స్కిఫ్‌ను 2024 ఫిబ్రవరిలో నోషన్ కొనేసింది. ఆరు నెలల్లో దాన్ని మూసేశారు. ఇక మూడో తాళమే వేసుకున్నవాళ్లకు కూడా దెబ్బ తగిలిన సందర్భం లాస్ట్‌పాస్. పాస్‌వర్డులతో పాటు రహస్య నోట్సు దాచుకునే సేవ అది. 2022లో దొంగలు ఒక ఇంజినీరు ఇంటి కంప్యూటర్ ద్వారా లోపలికి వెళ్లి ఖాతాదారుల ఖజానాల నకళ్లు ఎత్తుకుపోయారు. నోట్సుకు తాళం ఉంది. కానీ ఎవరికి ఏ వెబ్‌సైట్లలో ఖాతాలున్నాయో చెప్పే చిరునామాలకు తాళం లేదు. ఆ ఖజానాలు దొంగల చేతిలోనే ఉంటాయి, మాస్టర్ పాస్‌వర్డు బలహీనంగా పెట్టుకున్నవాళ్లవి తీరిగ్గా ఊహిస్తూ విప్పుకోవచ్చు. ఇంటి పేరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టే మన అలవాటు ఎంత ప్రమాదమో అక్కడ తెలుస్తుంది.

మనిషి చదవకపోయినా యంత్రం చదవడం ఇంకో సంగతి. 2017 అక్టోబరు 31న గూగుల్ డాక్స్‌లో చాలామంది తమ సొంత పత్రాలు తాము తెరవలేకపోయారు. నిబంధనలకు విరుద్ధమని వ్యవస్థ పొరపాటున ముద్ర వేసింది. గూగుల్ ఆ పొరపాటును సరిదిద్దింది. 2022లో అమెరికా పత్రికలు రాసిన ఉదంతం అంత తేలిగ్గా ముగియలేదు: ఒక తండ్రి డాక్టరుకు చూపించడానికి పసివాడి ఫొటో తీస్తే, గూగుల్ యంత్రం దాన్ని నేరంగా గుర్తించింది. పోలీసులు విచారించి నేరమేమీ లేదని తేల్చినా ఖాతా తిరిగి రాలేదు. ఏళ్లకేళ్ల మెయిల్, ఫొటోలు, కాగితాలు అన్నీ పోయాయి. పిల్లల్ని కాపాడే తనిఖీ అవసరమే, అందులో నాకు సందేహం లేదు. ఒక్క ఖాతాకు జీవితమంతా కట్టేసి, ఆ ఖాతా మీద అప్పీలు వినే మనిషి లేకుండా చేయడమే నేను ఒప్పుకోలేనిది.

ప్రభుత్వం సంగతికి వస్తే చర్చ సాధారణంగా నిఘా రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ దగ్గర మొదలవుతుంది. అమెరికా నిఘా సంస్థ పెద్ద టెక్ కంపెనీల నుంచి సమాచారం తీసుకుంటోందని 2013 జూన్‌లోను, డేటా సెంటర్ల మధ్య తీగల్లోనే వింటోందని ఆ అక్టోబరులోను బయటపడ్డాకే ఆ తీగలకు తాళాలు పడటం జోరందుకుంది. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రభుత్వ ఒత్తిడితో ఆపిల్ అక్కడ అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్‌ను ఉపసంహరించింది. అంటే ఒక దేశం గట్టిగా అడిగితే తాళంచెవి మనిషి చేతి నుంచి మళ్లీ కంపెనీ చేతికి పోగలదు.

కంపెనీ దగ్గరున్న మన రాతను ప్రభుత్వం అడగవచ్చన్న వాదానికి అమెరికా న్యాయశాస్త్రంలో వేరు 1976 నాటి ఒక బ్యాంకు కేసులో ఉంది. మన లావాదేవీల కాగితాలు బ్యాంకుకు మనమే ఇచ్చాం కాబట్టి వాటిమీద గోప్యత ఆశించే హక్కు లేదని అక్కడి సుప్రీంకోర్టు అన్నది. మూడో మనిషి చేతిలో పెట్టింది నీది కాదు అన్న ఈ సూత్రమే తర్వాత ఫోన్ నంబర్లకు, ఆ తర్వాత ఇంటర్నెట్‌కు పాకింది. 1986లో చేసిన చట్టమైతే 180 రోజులు దాటి సర్వర్‌లో ఉన్న మెయిల్‌ను వారంట్ లేకుండానే తెప్పించుకునే వీలిచ్చింది. 2010లో ఒక అప్పీళ్ల కోర్టు, 2018లో సుప్రీంకోర్టు ఈ ధోరణికి కొంత అడ్డుకట్ట వేశాయి.

మన దగ్గర సరిగ్గా అలాంటి బ్యాంకు కేసే వచ్చింది, అదీ హైదరాబాద్ నుంచి. ఈ సంగతి మనవాళ్లకే అంతగా తెలియకపోవడం నాకు వెలితిగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌ను సవరించింది. దాని ప్రకారం కలెక్టర్ అధికారమిచ్చిన ఎవరైనా సరే బ్యాంకులోకి వెళ్లి, స్టాంపు సుంకం సరిగ్గా కట్టారో లేదో చూసే పేరుతో ఖాతాదారుల కాగితాలు తనిఖీ చేయవచ్చు, స్వాధీనం చేసుకోవచ్చు. బ్యాంకులు కోర్టుకెళ్లాయి. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు ఒకవైపు, కెనరా బ్యాంకు మరోవైపు. రాష్ట్ర హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. 2004 నవంబరు 1న సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఆ తీర్పు అమెరికా బ్యాంకు కేసును పరిశీలించి, ఆ దారి పట్టలేదు. మనిషి తన కాగితాన్ని బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన అందులోని గోప్యతను వదులుకున్నట్టు కాదని, గోప్యత చోటుకు కాకుండా మనిషికి చెందుతుందని చెప్పింది.

బ్యాంకు అన్నచోట క్లౌడ్ అని, కాగితం అన్నచోట నోటు అని పెట్టి ఆ తీర్పును చదవండి. నోట్స్ యాప్ గురించి ఈ దేశంలో ఒక న్యాయసూత్రం కావాలంటే అది ఇరవై ఏళ్ల కిందటే మన ఊరి కేసులో సిద్ధమై ఉంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. దానికి ముందున్న మెట్లలో ఈ కెనరా బ్యాంకు కేసు ఒకటి.

సూత్రం అలా ఉండగా చట్టాలు వేరే దిక్కుకు నడుస్తున్నాయి. ఐటీ చట్టంలోని 69వ సెక్షన్ కింద ప్రభుత్వం తాళం విప్పమని ఆదేశించవచ్చు. సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం సోదా అధికారాన్ని ‘వర్చువల్ డిజిటల్ స్పేస్’కు విస్తరించింది. క్లౌడ్ సర్వర్లు, ఆన్‌లైన్ ఖాతాలు అందులోకే వస్తాయి. పన్ను ఎగవేతదారుల లెక్కలు క్లౌడ్‌లో దాక్కుంటున్న మాట నిజమే. బీరువా సోదా చేస్తే నగలు, దస్తావేజులు దొరుకుతాయి. క్లౌడ్ ఖాతా తెరిస్తే లెక్కలతో పాటు పదేళ్ల మనోవేదన కూడా బయటపడుతుంది. లెక్కను వేదన నుంచి వేరుచేసే నియమం ఏదీ చట్టంలో నాకు కనబడలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2025 నవంబరులో వచ్చిన దాని నియమాలు కంపెనీల మీద బాధ్యత పెట్టాయి: డేటా లీకైతే బాధితుడికి చెప్పాలి, భద్రత విషయంలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా. ఆ చట్టమే ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టింది.

ఇప్పుడు క్లౌడ్ మనకు దూరాన ఎక్కడో కూడా లేదు. అమెజాన్ డేటా సెంటర్ల సముదాయం హైదరాబాద్‌లో 2022 నవంబరులో మొదలైంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నానికి ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. భూమి, నీళ్లు, కరెంటు, ఉద్యోగాల గురించి మన పత్రికల్లో చర్చ జరిగింది. ఆ గదుల్లో చేరబోయే రాతలకు తాళంచెవి ఎవరిదన్న మాట ఆ చర్చలో నాకు వినబడలేదు.

కంపెనీ, దొంగ, ప్రభుత్వం అని ఇంతసేపు మాట్లాడాం. మన ఇళ్లలో నోట్సు చదివేది సాధారణంగా ఈ ముగ్గురిలో ఎవరూ కాదు. పక్కన పడుకున్న మనిషి. ఫోన్ పిన్ ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లాడు ఆటకు తీసుకుంటాడు, ఆడపడుచు ఫొటోలు చూస్తానని అడుగుతుంది, ‘దాచడానికేముంది, ఇవ్వు’ అని భర్త చెయ్యి చాపుతాడు. ఫోన్‌కు కొత్త పిన్ పెట్టడమే నేరం ఒప్పుకున్నట్టు లెక్క. దెబ్బలు తిన్న తేదీలు రాసుకుంటున్న ఆడమనిషికి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఏమీ చేయదు. తెర మీద అక్షరాలు తెరిచే ఉంటాయి. ఆమెకు కావలసింది యాప్ లోపల విడి తాళం, ఇంకో ఫోన్‌లో తెరిచి ఉంటే చూపించే జాబితా, నోటిఫికేషన్‌లో మాట కనబడకుండా ఆపే మీట.

చట్టం ఇక్కడ కళ్లు మూసుకుంది. డేటా రక్షణ చట్టం మూడో సెక్షన్‌లోనే, ఒక వ్యక్తి సొంత పనికో ఇంటి పనికో వాడుకునే డేటాకు ఇది వర్తించదని ఉంది. కోర్టులు ఒకే దిక్కున నిలబడలేదు. భార్య ఫోన్ మాటలు రహస్యంగా రికార్డు చేసిన భర్త వాటిని విడాకుల కేసులో సాక్ష్యంగా పెడతానంటే, ఆమె గోప్యతకు భంగమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒకప్పుడు నిరాకరించింది. 2025 జులైలో సుప్రీంకోర్టు వేరే దంపతుల కేసులో అలాంటి రికార్డింగును సాక్ష్యంగా తీసుకోవచ్చని తీర్పిచ్చింది. రేపు ఎవరో తన భార్య నోట్సు స్క్రీన్‌షాట్లు తీసి కోర్టుకు పట్టుకొస్తే ఏమవుతుంది? రాసుకోవడానికే భయపడే రోజు వస్తుందేమోనని నా బెంగ.

మరో అలవాటు మన దగ్గర బాగా పెరిగింది. వాట్సాప్‌లో తన నంబరుకు తానే సందేశం పంపుకోవడం. 2022 చివర్లో ఆ సదుపాయం అధికారికంగా రాకముందే, ఒక్క మనిషే ఉన్న గ్రూపులు పెట్టుకుని చేస్తున్నారు. ఆధార్ ఫొటో, పాన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం అన్నీ అందులోనే. సందేశానికి మూడో తాళం ఉంది, మంచిదే. గూగుల్ డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో వెళ్లే బ్యాకప్‌కు మాత్రం 2021 నుంచి ఆ సదుపాయం ఉన్నా, మనమే సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేయాలి. ఈ వ్యాసం చదివి ఒక్క పని చేయాలనుకుంటే, అదే చేయండి.

ఏఐ వచ్చాక నోటు స్వభావమే మారుతోంది. మునుపు తెల్లకాగితంతో చెప్పుకున్న గోడు ఇప్పుడు చాట్‌బాట్‌తో చెప్పుకుంటున్నారు, అది జవాబు కూడా ఇస్తుంది. జవాబివ్వాలంటే చదవాలి కదా. న్యూయార్క్ టైమ్స్ వేసిన కాపీరైటు దావాలో 2025లో, వాడుకరులు చెరిపేసిన చాట్‌జీపీటీ సంభాషణలను కూడా భద్రపరచమని కోర్టు ఓపెన్‌ఏఐని ఆదేశించింది. కొన్ని నెలలు అది అమల్లో ఉంది. ఆ దావాతో ఏ సంబంధమూ లేనివాళ్ల మాటలు అవి. చెరిపేశాననుకుని నిశ్చింతగా నిద్రపోయినవాళ్లవి.

గోప్యతకు అవతలి ఒడ్డు ఒకటుంది. గురజాడ అప్పారావు డైరీలు ఆయన పోయాక అచ్చయ్యాయి కాబట్టే ఆ కాలపు విజయనగరం, ఆయన ఆలోచన నడిచిన తీరు మనకు కొంత తెలిశాయి. అవి కాగితం మీద ఉన్నాయి, పెట్టెలో ఉన్నాయి, ఎవరో తెరవగలిగారు. మూడో తాళం వేసిన నేటి రచయిత డైరీ ఆయన పాస్‌వర్డుతోనే కాలిపోతుంది. గూగుల్ 2013 నుంచి, ఆపిల్ 2021 చివరి నుంచి మన తర్వాత ఖాతా ఎవరికి తెరవాలో ముందే చెప్పే వీలిచ్చాయి. చాలామంది దాన్ని ముట్టుకోలేదు.

నేను పోయిన నెల కూర్చుని పన్నెండేళ్ల నోట్సు మూడు కుప్పలు చేశాను. అమ్మ మందులు, ఇన్సూరెన్సు, అప్పులు ఇంట్లో అందరూ చూడగలిగే మామూలు నోట్సులోనే ఉంచాను. పాస్‌వర్డులు, కథల చిత్తుప్రతులు మూడో తాళం ఉన్న చోటికి మార్చాను. దాని రికవరీ కీ ఒక కాగితం మీద రాసి, కవరులో అంటించి, బీరువాలో ఇంటి దస్తావేజుల కింద పెట్టాను. ఆ కవరు ఎక్కడుందో నా భార్యకు చెప్పాను, నేనున్నంత కాలం తెరవొద్దని అడిగాను. ‘సరే’ అంది. ఆమె ఫోన్ పిన్ నాకు తెలుసు. మరుసటి రోజు ఉదయం నేనే ఆమె చేతికి ఫోనిచ్చి, నాకు చెప్పకుండా కొత్తది పెట్టుకోమన్నాను. మూడో కుప్పలో ఉన్నవి ఒక్కొక్కటీ ఆఖరిసారి చదివి చెరిపేశాను.